చల్లబడితేనే చుక్క పుడుతుంది!

పిల్లలూ! డిసెంబరు నెలలో రాత్రి ఎనిమిది గంటలప్పుడు విశాఖపట్నం సముద్రపు ఒడ్డున నిలబడి తూర్పుగా చూడండి. ఒకే వరుసలో మూడు చుక్కలు కనిపిస్తాయి. మన పల్లెల్లో వీటిని గొల్లకావడి అంటారు. వాటికి కాస్త కుడివైపున మసకమసకగా ఒక మచ్చ ఉంటుంది. అదే ఒరయన్ నెబ్యులా. మనకు సుమారు 1,350 కాంతి సంవత్సరాల దూరం. అక్కడ ఇప్పటికీ నక్షత్రాలు పుడుతూనే ఉన్నాయి!

గోడే వెంకట జగ్గారావు గారు 1840లో విశాఖలో వేధశాల నెలకొల్పిన నాటికి, ఆ మచ్చ చుక్కల గుంపో, వాయువో తేలలేదు. 1860లలో విలియం హగ్గిన్స్ దాని వెలుగును వర్ణపటంగా విడదీసి, అది వాయువేనని చూపాడు.

మరి పలుచని వాయువు నక్షత్రం ఎలా అవుతుంది?

వాయు మేఘంలో ఎప్పుడూ ఒక పోటీ జరుగుతుంటుంది. గురుత్వాకర్షణ మేఘాన్ని లోపలికి లాగుతుంది. అటూ ఇటూ పరుగెత్తే అణువుల పీడనం బయటికి నెడుతుంది. వేడి పెరిగితే పరుగు పెరుగుతుంది, గురుత్వాకర్షణ ఓడిపోతుంది. మేఘం ఎంత చల్లగా, ఎంత చిక్కగా ఉంటే అంత తేలికగా కుంచించుకుపోతుందని 1902లో జేమ్స్ జీన్స్ లెక్కకట్టాడు. అంటే మండే నక్షత్రం పుట్టాలంటే ముందు మేఘం చల్లబడాలి! అలాంటి మేఘాలలో ఉష్ణోగ్రత సున్నాకు దిగువన సుమారు 260 సెంటీగ్రేడు డిగ్రీలు.

ఇంత చల్లదనం ఎలా వచ్చింది? విశాఖ ఉక్కు కర్మాగారంలోని బ్లాస్ట్ కొలిమిని తలచుకోండి. అక్కడ కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ఇనుప ఖనిజంలోని ఆక్సిజన్‌ను లాక్కుని ఇనుమును విడదీస్తుంది. అదే వాయువు ఆకాశంలో మరో పని చేస్తుంది. హైడ్రోజన్ అణువులు ఢీకొన్నప్పుడు దాని అణువు బొంగరంలా తిరుగుతుంది. తిరుగుడు తగ్గేటప్పుడు రేడియో తరంగాన్ని వెలువరిస్తుంది. ఆ తరంగంతోపాటు మేఘంలోని వేడి బయటికి పోతుంది. 1970లో శాస్త్రజ్ఞులు ఈ తరంగాలను మొదటిసారి పట్టుకున్నది ఒరయన్ నెబ్యులా దిక్కునుంచే! మనకు కనిపించే మెరుపు, అప్పటికే పుట్టిన నక్షత్రాలు వెలిగించిన వాయువు. చల్లని మేఘం దాని వెనుక చీకట్లో ఉంది.

చల్లబడిన మేఘం ముక్కలై కుంచించుకుపోతుంది. నడిమి భాగం బాగా చిక్కబడ్డాక వేడి బయటికి పోలేదు. సైకిలు పంపు గబగబా కొడితే గొట్టం వేడెక్కుతుంది కదూ! అలాగే ఉష్ణోగ్రత పెరిగి పెరిగి సుమారు కోటి డిగ్రీలకు చేరుతుంది. అప్పుడు హైడ్రోజన్ కేంద్రకాలు కలిసి హీలియం అవుతాయి. ఆ శక్తి గురుత్వాకర్షణకు ఎదురు నిలుస్తుంది. నక్షత్రం పుట్టింది! మిగిలిన వాయువు, ధూళి దాని చుట్టూ పళ్లెంలా తిరుగుతాయి. అలాంటి పళ్లేలను ఒరయన్‌లో హబుల్ దూరదర్శిని 1990లలో ఫోటోలు తీసింది.

మన సూర్యుడూ 460 కోట్ల ఏళ్ల కిందట ఇలాగే పుట్టాడు. అంతకు ముందటి నక్షత్రాలలో తయారైన ఇనుము ఆ మేఘంలో ధూళిగా ఉండేది. నేడు విశాఖ కొలిమిలో కరుగుతున్నది ఆ ఇనుమే!