దూరపు వైఫై గదిలోకి ఎలా చేరుతుంది?

తమిళనాడులోని తేని అరవింద్ కంటి ఆసుపత్రికి అనుబంధంగా పరిసర గ్రామాల్లో చిన్న కంటి పరీక్షా కేంద్రాలు ఉన్నాయి. అక్కడికి వచ్చిన రోగి ఆసుపత్రిలోని డాక్టర్‌తో వీడియోలో మాట్లాడాలి. 2000 దశకం మధ్యలో అందుకు తగిన ఇంటర్‌నెట్ ఆ ఊళ్లలో లేదు. అమెరికాలోని బర్క్‌లీ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు, ఆసుపత్రి కలిసి వైఫైతోనే ఈ లోటు తీర్చారు. ఆ లింకుల్లో కొన్ని 1 కిలోమీటరు, కొన్ని 15 కిలోమీటర్ల దాకా ఉండేవి. ఇంట్లో రెండు గోడలు దాటితేనే నీరసించే వైఫై అంత దూరం ఎలా వెళ్లింది?

శక్తి కాదు, దిశ ముఖ్యం

రేడియో తరంగం దూరం వెళ్లేకొద్దీ పరుచుకుని పలచబడుతుంది. దూరం రెట్టింపైతే అందే శక్తి నాలుగో వంతుకు పడిపోతుంది. అన్ని దిక్కులకూ సమానంగా ప్రసరించే యాంటెన్నాలైతే, 2.4 గిగాహెర్ట్జ్ సంకేతంలో 1 కిలోమీటరు అవతల అందేది సుమారు వెయ్యి కోట్లలో ఒక వంతు మాత్రమే.

డిష్ యాంటెన్నా కొత్తగా శక్తిని పుట్టించదు. టార్చిలైటులోని అద్దంలా, ఉన్న శక్తినే ఒక దిక్కుకు మళ్లిస్తుంది. 24 డెసిబెల్స్ డిష్ ఆ దిక్కులో సంకేతాన్ని దాదాపు 250 రెట్లు పెంచుతుంది. పంపేటప్పుడే కాదు, అందుకునేటప్పుడూ అదే లాభం. ట్రాన్స్‌మిటర్ శక్తి పెంచితే ఒకవైపు ప్రయాణమే బాగుపడుతుంది. మంచి యాంటెన్నా రాకపోకలు రెండింటినీ బాగుచేస్తుంది.

కంటికి కనిపిస్తే చాలదు

రెండు యాంటెన్నాల మధ్య తరంగానికి దోసకాయ ఆకారంలో కొంత ఖాళీ చోటు కావాలి. దీన్ని ఫ్రెనెల్ మండలం అంటారు. 5 కిలోమీటర్ల లింకుకు 2.4 గిగాహెర్ట్జ్ వద్ద దాని మధ్యభాగపు వ్యాసార్ధం 12.5 మీటర్లు. అందులో కనీసం 60 శాతం, అంటే 7.5 మీటర్ల మేర చెట్లూ కట్టడాలూ అడ్డు రాకూడదు. ఎత్తు విలువ ఇక్కడే తెలుస్తుంది. 2007లో వెనిజులాలో ఎర్మానో పియెట్రోసెమోలి బృందం రెండు పర్వతాల మధ్య 382 కిలోమీటర్ల వైఫై లింకు నెలకొల్పింది.

గోడ దాటించేది తీగ

సంకేతం అందని గదిలో రిపీటర్ పెడితే ఫలితం ఉండదు. అందిన దాన్నే అది తిరిగి పంపగలదు. పైగా ఒకే రేడియోతో వినడం, పంపడం రెండూ చేస్తే వేగం సుమారు సగానికి తగ్గుతుంది. అందుకే పనిని విడదీస్తారు. డాబా మీద మూల కేంద్రం వైపు తిప్పిన డిష్ దూరపు సంకేతాన్ని అందుకుంటుంది. ఈథర్‌నెట్ తీగ దాన్ని గోడ దాటిస్తుంది. పై పరికరానికి కరెంటు కూడా అదే తీగలో వెళ్లవచ్చు. లోపల మరో రౌటర్ వేరే ఛానల్‌లో గదులకు పంచుతుంది.

జవాబు కోసం ఎంతసేపు ఆగాలి?

వైఫై ప్రతి ప్యాకెట్ పంపాక ‘అందింది’ అనే జవాబు కోసం కొన్ని మైక్రోసెకన్లే ఎదురుచూస్తుంది. 15 కిలోమీటర్లు వెళ్లి రావడానికే కాంతికి 100 మైక్రోసెకన్లు పడుతుంది. జవాబు వచ్చేలోపే ప్యాకెట్ పోయిందనుకుని పరికరం మళ్లీ పంపుతుంది. సంకేతం బలంగా ఉన్నా వేగం లేకపోవడానికి ఇదొక కారణం. ఆ గడువు పెంచాలి. బర్క్‌లీ బృందం ఇంకో అడుగు వేసి, రెండు కొసలూ వంతులవారీగా మాట్లాడేలా సాఫ్ట్‌వేర్ మార్చింది.

మన దగ్గర

ఆంధ్రప్రదేశ్‌లోని భీమవరం పరిసర గ్రామాలను బైర్రాజు ఫౌండేషన్ ‘అశ్విని’ ప్రాజెక్టు ఇలాంటి లింకులతోనే కలిపింది. దేశంలో 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండుకు, నిర్ణీత పరిమితుల్లో, 2005 నుంచి లైసెన్సు అవసరం లేదు.

తేని అనుభవం మరో పాఠం నేర్పింది. అక్కడ పరికరాలను ఎక్కువగా ఇబ్బంది పెట్టింది దూరం కాదు, వోల్టేజీ హెచ్చుతగ్గులు. కాబట్టి డిష్ కొనేముందు రెండు విషయాలు చూసుకోవాలి: డాబా మీది నుంచి అవతలి కొస అడ్డులేకుండా కనిపిస్తుందా, పరికరానికి నిలకడైన కరెంటు అందుతుందా? ఈ రెండూ కుదిరితే మిగతా పని సులువవుతుంది.