మేస్త్రీ బిల్లులో పట్టే ఒక్క శాతం



అర్ధవీడు నుంచి మార్కాపురం పలకల ఫ్యాక్టరీకి లెక్కలు రాయడానికి పోతున్నావని మీ అమ్మ చెప్పింది. సంతోషం. కొనుగోళ్లు, అమ్మకాలు తొందరగానే చేతికి వస్తాయి. కొత్తవాళ్లు తడబడేది కాంట్రాక్టర్ల టీడీఎస్ దగ్గర, అంటే వాళ్లకిచ్చే సొమ్ములోంచి ముందే పన్ను పట్టి ప్రభుత్వానికి కట్టే దగ్గర.

సొంత వ్యాపారికైతే కిందటేడు అమ్మకాలు కోటి దాటితేనే ఈ బాధ్యత. మీది భాగస్వామ్య సంస్థ కాబట్టి ఆ మినహాయింపు లేదు.

మీ రాయి తీసుకుని పలకలు కోసిచ్చే మేస్త్రీనే చూడు. ఒక్క బిల్లు 30,000 దాటినా, ఏడాది మొత్తం లక్ష దాటినా పట్టాలి. విడి మనిషికి 1 శాతం, కంపెనీకో సంస్థకో అయితే 2 శాతం. ఏప్రిల్ నుంచి నెలకు 28,000 ఇస్తున్నావనుకో. జూన్ దాకా 84,000, పట్టే పనిలేదు. జూలైతో 1,12,000 అయింది. లక్ష మీది 12,000కే పడితే చాలదు, మొత్తానికీ పట్టాలి: 1,120 రూపాయలు. అందుకే మేస్త్రీ మేస్త్రీకీ విడిగా ఖాతా పెట్టు.

ఆ 1,120 ఆగస్టు 7లోగా కట్టాలి. కట్టినంత మాత్రాన పని తీరదు. ఎవరి పాన్ మీద ఎంత పట్టామో అక్టోబరు 31లోగా రిటర్న్‌లో చూపాలి, ఆపై పదిహేను రోజుల్లో మేస్త్రీకి సర్టిఫికెట్ ఇవ్వాలి. ఆ సొమ్ము ఆయన కట్టిన పన్ను. పాన్‌లో ఒక్క అక్షరం తప్పితే ఆయన లెక్కలోకి రాదు, రిఫండ్ అడగడానికి ఆధారం ఉండదు. రిటర్న్ ఆలస్యమైతే రోజుకు 200 రుసుము, పట్టిన పన్నుకు సమానమయ్యేదాకా. ఈ 1,120కి ఆరు రోజులు చాలు.

ఇక లారీ కిరాయిల సంగతి: పది, అంతకు తక్కువ లారీలున్న యజమాని పాన్‌తో డిక్లరేషన్ ఇస్తే కిరాయిలో పట్టక్కర్లేదు. రిటర్న్‌లో మాత్రం చూపాలి.

పాత పుస్తకాల్లో ఈ కాంట్రాక్టర్ల టీడీఎస్‌ను సెక్షన్ 194సి అంటారు. 2026 ఏప్రిల్ 1 నుంచి 2025 ఆదాయపు పన్ను చట్టం వచ్చింది, అందులో 393వ సెక్షన్ చూడు.

ముందు అందరి పాన్ కార్డుల నకళ్లు తీసుకో. పాన్ లేకుంటే 20 శాతం పట్టాలి. మన మేస్త్రీకి అది 22,400. బిల్లు చేతికిచ్చే రోజున ఆ మాట చెబితే గొడవే. పని ఒప్పుకునే రోజునే చెప్పు.

మీ మామయ్య