మొదటి ఖాతా మీ పేరున ఉందా?



పిల్లల చదువు కోసం లినక్స్ లాప్‌టాప్ తెచ్చారా? పెట్టె విప్పగానే "నేనే చేసుకుంటా నాన్నా" అంటూ మీ అమ్మాయో అబ్బాయో ముందు కూర్చుంటారు. కూర్చోనివ్వండి. కానీ ఖాతా పేరు అడిగే తెర వచ్చేసరికి మౌస్ మీ చేతిలోకి తీసుకోండి.

ఫెడోరా వర్క్‌స్టేషన్‌నే చూద్దాం. అందులో ఇంకా ఎవరి ఖాతా లేకపోతే, ఆన్ చేయగానే ఇనీషియల్ సెటప్ తనంతట తానే మొదలవుతుంది. భాష, కీబోర్డు, వైఫై, ప్రైవసీ అంటూ ఒక్కొక్కటే అడుగుతుంది. భాషల్లో తెలుగు కూడా ఉంది, జాబితా పూర్తిగా తెరిచి వెతకాలి. ఇవన్నీ తర్వాత సెట్టింగ్స్‌లో మార్చుకోవచ్చు కాబట్టి పిల్లలు ఏది నొక్కినా కంగారు లేదు.

పేరు, పాస్‌వర్డ్ అడిగే తెర అలాంటిది కాదు. అక్కడ తయారయ్యే మొదటి ఖాతాకు అడ్మినిస్ట్రేటర్ అధికారం వస్తుంది. కొత్త ఖాతాలు తెరవడం, ఇతరుల పాస్‌వర్డ్ మార్చడం అన్నీ దాని చేతిలోనే. అసలు చిక్కేమిటంటే, బ్రౌజర్ తెరవకుండా, కొత్త యాప్‌లు వేయకుండా ఆపే పేరెంటల్ కంట్రోల్స్ అడ్మినిస్ట్రేటర్ ఖాతాకు వర్తించవు. తాళంచెవి వాళ్ల జేబులోనే ఉంచి తలుపుకు తాళం వేసినట్టే!

ఆ తెర మీదే పేరెంటల్ కంట్రోల్స్ కోసం ఒక గడి కనిపిస్తే టిక్ పెట్టండి. పిల్లల ఖాతా మామూలుదిగా మారి, పెద్దల కోసం వేరే పాస్‌వర్డ్ అడుగుతుంది. గడి లేకపోతే ముందు మీ ఖాతా తెరిచి, తర్వాత సెట్టింగ్స్‌లో యూజర్స్ దగ్గర పిల్లల ఖాతా చేర్చండి.

ఇప్పటికే పిల్లల పేరున అయిపోయిందా? మళ్లీ ఇన్‌స్టాల్ చేయనక్కర్లేదు. వాళ్ల ఖాతాలోనే యూజర్స్ తెరిచి అన్‌లాక్ నొక్కండి, పాస్‌వర్డ్ వాళ్లనే కొట్టమనండి. మీ పేరున అడ్మినిస్ట్రేటర్ ఖాతా చేర్చండి. లాగవుట్ అయి, మీ పాస్‌వర్డ్‌తో ఒకసారి లోపలికి వెళ్లి చూడండి. అది పనిచేశాకే పిల్లల ఖాతాకు అడ్మినిస్ట్రేటర్ మీట ఆపండి. ఈ వరుస మాత్రం తప్పొద్దు. దుకాణం వాళ్లు ఖాతా తెరిచి ఇచ్చినా ఇదే పద్ధతి, చివర్లో వాళ్ల ఖాతా తొలగించండి.

గ్నోమ్ కాక వేరే డెస్క్‌టాప్‌లున్న కొన్ని ఫెడోరా రకాల్లో ఈ పనిని ఇనీషియల్ సెటప్ అనే సర్వీసు చేస్తుంది. పని ముగియగానే తనను తానే డిసేబుల్ చేసుకుంటుంది. అలా కాక ఆన్ చేసిన ప్రతిసారీ అదే తెర వస్తుంటే, అడ్మినిస్ట్రేటర్‌గా టెర్మినల్ తెరిచి సిస్టమ్‌సీటీఎల్ ఆదేశంతో ఆ సర్వీసును డిసేబుల్ చేయవచ్చు. అదే ఆదేశంతో మళ్లీ ఎనేబుల్ కూడా చేయవచ్చు. అయితే ఎనేబుల్ చేసినంత మాత్రాన పాత ఖాతాలు, ఫోటోలు చెరిగిపోవు. లాప్‌టాప్ ఇంకొకరికి ఇచ్చేస్తుంటే డిస్క్ తుడిచి కొత్తగా ఇన్‌స్టాల్ చేయించండి.