రాజశేఖరుని అనుపరీక్ష - నేటి గ్రంథపరిష్కరణము

గ్రంథపరిష్కరణమనగానే ప్రాచ్యకళాశాలలవారికి తాళపత్రప్రతులు, పాఠాంతరములు, శుద్ధపాఠనిర్ణయము తలపునకు వచ్చును. సి.పి. బ్రౌను కొలువులో జూలూరి అప్పయ్య మొదలగు పండితులు చేసిన పని అట్టిది. అక్కడ కవి లేడు. అతడు వ్రాసినదేదో కనుగొనుటయే పరిష్కర్త కర్తవ్యము. ఒక్క అక్షరము సొంతముగా చేర్చినను దోషమే. గ్రంథకర్త జీవించియుండగా, వ్రాతప్రతి అచ్చునకు పోకముందే, దాని కూర్పును గూర్చి అతనితో కూర్చుండి ఆలోచించు పరిష్కర్త వేరొకడు. పాశ్చాత్యదేశముల ప్రచురణరంగమున ఇదియొక ప్రత్యేకవృత్తి. తెలుగున దీనికి స్థిరమైన పేరైనను ఏర్పడలేదు. పేరు లేకున్నను శాస్త్రము కలదు.

కాన్యకుబ్జమున ప్రతీహార మహేంద్రపాలుని ఆస్థానమందుండిన రాజశేఖరుని కావ్యమీమాంస 1916లో గైక్వాడు ప్రాచ్యగ్రంథమాలలో మొదటి సంపుటముగా వెలువడినది. లభించినది కవిరహస్యమను మొదటి అధికరణము మాత్రమే. అందు 18 అధ్యాయములు. పదవ అధ్యాయమున అతడు కవి దినచర్యను యామములుగా విభజించినాడు. రెండవ యామము రచనకు. పగటి నాలుగవ యామమున, ఒంటరిగా గాని కొలదిమంది యెదుట గాని, ఉదయము వ్రాసినదానిని పరీక్షింపవలెను. రసావేశమున రచించువానికి ఆ క్షణమున వివేచనదృష్టి ఉండదని అతడు చూపిన హేతువు. పరీక్షలో చేయవలసిన పనులు నాలుగు: అధికమును విడుచుట, కొరవడినదానిని పూరించుట, తావు తప్పినదానిని మార్చుట, మరచినదానిని గుర్తుచేసికొనుట. వర్ణదోషములు, సంధిదోషములు దిద్దుట ఈ నాలుగింటిలో ఏదియు కాదు. నేడు పరిష్కరణ పేర ఎక్కువగా జరుగుచున్నది ఆ దిద్దుబాటే.

ఈ పరీక్షకు తగినవాడెవడు? నాలుగవ అధ్యాయములో భావకులు నాలుగు తెఱగులుగా చెప్పబడినారు. అరోచకికి ఏదియు రుచింపదు. సతృణాభ్యవహారి గడ్డితోసహా అన్నియు మ్రింగును. మత్సరి గుణమును చూచియు చెప్పడు. తత్త్వాభినివేశి వేయిమందిలో ఒకడుండిన ఉండును. సామాన్యముగా గ్రంథకర్తకు సులభముగా దొరకువాడు రెండవవాడు; పీఠికలు వ్రాయువారిలో అతని సంతతి విస్తారము. భావకుడు కవికి స్వామి, మిత్రుడు, మంత్రి, శిష్యుడు, ఆచార్యుడు కూడనని రాజశేఖరుని అభిప్రాయము. అందు శిష్యుడను మాట గమనింపదగినది. మొదటి పఠనమున పరిష్కర్త నేర్చుకొనువానివలె చదువవలెను, కలము పట్టరాదు.

ఆంధ్రమహాభారతావతారికలో నన్నయ నారాయణభట్టు సాహాయ్యమును స్మరించి, భారతయుద్ధమున అర్జునునకు కృష్ణుడు తోడైనట్లు తనకు అతడు తోడయ్యెనన్నాడు. ఉపమానమును బట్టి చూచిన అది లేఖకుని సహాయము కాదు. సారథి విల్లు పట్టడు, త్రోవ చూపును. లేఖకుని సంగతి వేరు. విశ్వనాథ సత్యనారాయణ వేయిపడగలు నవలను 29 రోజులలో ఆశువుగా చెప్పగా తమ్ముడు వెంకటేశ్వర్లు వ్రాసెనని ప్రసిద్ధి. విద్య, సంగీతము మొదలగు విషయములపై అందలి దీర్ఘచర్చలను కథకు అడ్డమని అరోచకి కొట్టివేయును. కాని అవి తీసివేసినచో మిగులునది వేయిపడగలు కాదు. అధికత్యాగమునకు పుటలసంఖ్య ప్రమాణము కాదు, గ్రంథప్రయోజనమే ప్రమాణము.

బందరులో పుట్టిన ఎమెస్కో వంటి సంస్థలకు నెలవైన విజయవాడలో ఈ చర్చ పుస్తకములకే పరిమితము కాదు. ఒకనాడు వేరు గ్రామమై నేడు నగరమున కలసిన పటమటవంటి పేటలలో, విశ్రాంత ఉపాధ్యాయులు స్వీయవ్యయముతో పుస్తకము అచ్చువేయించుట కొత్త కాదు. 1989లో ఆరంభమైన పుస్తకమహోత్సవము జనవరిలో వచ్చును. ఆలోగా ప్రతులు చేతికి రావలెనను తొందర సహజము. దివిసీమలో పనిచేసిన ఉపాధ్యాయుని స్వీయచరిత్రను ఒక దృష్టాంతముగా కల్పించి చూడవచ్చును. మొదటి నలుబది పుటలు వంశవృక్షము, సన్మానపత్రములు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన మూడు వాక్యములు. అచ్చుతప్పులు దిద్దువానికి ఇందు లోపము కనబడదు. తత్త్వాభినివేశి ఆ మూడు వాక్యములకడ నిలిచి అడుగును: ఆ రాత్రి బడి తలుపులు ఎవరు తెరచిరి? మరునాడు హాజరుపట్టీ పిలిచినప్పుడు ఎందరు పలికిరి? జవాబు గ్రంథకర్త నోటనే రావలెను. వంశవృక్షము అనుబంధమునకు పోవును. వృద్ధుడు చెప్పకుండ మిగిలినది ఆయనతోనే పోవును. పిదప ఏ తాళపత్రమును దానిని తెచ్చి ఇయ్యదు. బ్రతికియున్న రచయితకు పరిష్కర్త ముందుగానే కావలసియుండుట ఇందుకు.

ఇక హద్దు. పూరించుట యనగా పరిష్కర్త తాను వ్రాసి అతుకుట కాదు. పరిష్కర్త వాక్యము ఎంత సొగసైనను రచయిత పలుకుబడిలో అది పరాయిది. కృష్ణాతీరపు మాటను పాఠశాలభాషలోనికి మార్చువాడు శుద్ధిచేయుటలేదు, చెరచుచున్నాడు. 1957 నాటి గ్రంథస్వామ్య చట్టము 57వ విభాగము, హక్కులు అన్యులకు విక్రయించిన పిదపకూడ, తన ప్రతిష్ఠకు భంగము కలుగునట్లు రచనను వికృతము చేయుటను అడ్డగించు అధికారమును కర్తకు నిలిపినది. కాబట్టి సూచనలన్నియు అంచున ప్రశ్నలుగా ఉండుట, అంగీకరింపబడినవే మూలమున చేరుట, తొలిప్రతి చెక్కుచెదరక రచయితయొద్ద ఉండుట ఉచితము. రాజశేఖరుడు కూడ కవిని హెచ్చరించినాడు: కొత్తరచనను ఒక్కని యెదుట చదువరాదట, వాడది తనదని వాదించినచో ఏ సాక్షితో గెలువగలవని.