విరామం తర్వాత మళ్లీ ఎలక్ట్రీషియన్‌గా

గల్ఫ్‌లో ఏళ్ల తరబడి పనిచేసి జగిత్యాల, నిజామాబాద్, కడప జిల్లాలకు తిరిగొచ్చేవారిలో కరెంటు పని తెలిసినవాళ్లు చాలామందే ఉంటారు. అక్కడ పైపులు వేశారు, కేబుళ్లు లాగారు, హెల్పర్‌గా మొదలై బోర్డులు కూడా బిగించారు. ఇక్కడ మాత్రం ‘సర్టిఫికెట్ ఉందా?’ అని అడిగితే చూపించడానికి ఏమీ ఉండదు. ఎప్పుడో ఐటీఐ చేసి, ఇంటి పరిస్థితుల వల్ల వేరే పనిలో కుదురుకుని, ఇప్పుడు మళ్లీ ఇటు రావాలనుకునేవారూ ఉన్నారు. నలభై దాటాక సాధ్యమేనా అన్నది వీళ్లందరి సందేహం. తప్పకుండా సాధ్యమే. అయితే, పాత అనుభవం ఒక్కటే సరిపోదు.

ముందు చదువు సంగతి. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడ్ రెండేళ్లు. సైన్స్, గణితంతో పదో తరగతి పాసై ఉండాలి. ఎనిమిదితో ఆపేసినవారికి వైర్‌మన్ ట్రేడ్ ఉంది, అదీ రెండేళ్లే. చేరడానికి కనీస వయసు 14 ఏళ్లు, గరిష్ఠ పరిమితి లేదు. ఇల్లు గడవాల్సినవారికి రెండేళ్లు కూర్చుని చదవడం కష్టమే. వాళ్లకు పనికొచ్చేది ఆర్‌పీఎల్, అంటే ఇప్పటికే వచ్చిన పనిని పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే పద్ధతి. హైదరాబాద్‌లోని నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్ కూడా భవన నిర్మాణ పనుల్లో భాగంగా ఎలక్ట్రికల్ శిక్షణ ఇస్తోంది. పీఎం విశ్వకర్మ పథకంలో చేరొచ్చని కొందరు ఆశపడుతుంటారు. అందులోని 18 వృత్తుల్లో ఎలక్ట్రీషియన్ లేదు, కాబట్టి దానికోసం తిరిగి సమయం వృథా చేసుకోవద్దు.

సర్టిఫికెట్ వేరు, పర్మిట్ వేరు. బల్బు, ఫ్యాను, ఫ్యూజు, స్విచ్చు మార్చడం వరకు ఫర్వాలేదు. కొత్తగా వైరింగ్ చేయాలన్నా, ఉన్నదాన్ని మార్చాలన్నా కేంద్ర విద్యుత్ భద్రతా నిబంధనల ప్రకారం లైసెన్సున్న కాంట్రాక్టర్ ద్వారానే, అర్హత పత్రం ఉన్నవారి పర్యవేక్షణలోనే జరగాలి. ఈ లైసెన్సులు, పర్మిట్లు రాష్ట్ర స్థాయిలో ఇస్తారు. ఐటీఐ సర్టిఫికెట్ ఇప్పటికే చేతిలో ఉంటే మీ మొదటి అడుగు కొత్త కోర్సు కాదు, వైర్‌మన్ పర్మిట్‌కు దరఖాస్తు.

ఇక అసలు విషయం. వైరు తొడుగు తీయడం, స్క్రూ బిగించడం వారం తిరక్కుండానే చేతికి వచ్చేస్తాయి. మీరు కొత్తగా నేర్చుకోవాల్సింది పరీక్షించడం. పాత ఇంట్లో పింగాణీ ఫ్యూజు తీసేసి ఎంసీబీ పెట్టగానే పనైపోయిందనుకుంటారు. ఎంసీబీ కాపాడేది వైరును. మనిషిని కాపాడేది 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ. ఫేజులో వెళ్లిన కరెంటు, న్యూట్రల్‌లో తిరిగొచ్చిన కరెంటు సమానంగా లేకపోతే, ఆ తేడా ఒంట్లోంచి పోతున్నా సరే, అది వెంటనే లైన్ కట్ చేస్తుంది. చాలా ఇళ్లలో అది పదేపదే పడిపోతోందని ఇంటివాళ్లు విసుక్కుంటారు, వచ్చినవాడు దాన్ని తప్పించి డైరెక్టుగా కలిపేసి డబ్బు తీసుకుని వెళ్లిపోతాడు. నా దృష్టిలో ఇది మనిషి ప్రాణంతో ఆడుకోవడమే. లోడ్లన్నీ విప్పి, ఒక్కో సర్క్యూట్ ఇన్సులేషన్‌ను 500 వోల్టుల మెగ్గర్‌తో కొలిచి, రీడింగ్ ఒక మెగా ఓమ్‌కు తగ్గిన చోట తప్పు వెతకడం తెలిసినవాడే ఎలక్ట్రీషియన్. అలాగే మూడు పిన్నుల సాకెట్లో ఎర్త్ రంధ్రం వెనక వైరు ఉందో లేదో విప్పి చూడండి. లేదని న్యూట్రల్‌నే అక్కడికి లూప్ చేసిన బోర్డులు కనిపిస్తాయి. అలాంటిచోట బోర్డుకు వచ్చే న్యూట్రల్ ఎక్కడ తెగినా ఫ్రిజ్ బాడీకి కరెంటు వచ్చేస్తుంది. జేబులో టెస్టర్ వెలగలేదంటే లైన్ లేదనుకోవడం కూడా మానుకోవాలి. మల్టీమీటర్‌తో చూశాకే వైరు ముట్టుకోండి.

మీరు పని వదిలిన రోజులకూ ఇప్పటికీ ఇళ్లలో లోడు మారిపోయింది. 3.3 కిలోవాట్ల కారు ఛార్జర్ 14 ఆంపియర్లకు పైగా లాగుతుంది, అదీ గంటల తరబడి. గీజరైతే కాసేపటికి ఆగుతుంది, ఇది ఆగదు. సాకెట్ వదులుగా ఉంటే కరిగిపోతుంది. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్ల సోలార్‌కు 78,000 రూపాయల రాయితీ ఉండటంతో మేడల మీదకు ప్యానెళ్లు వస్తున్నాయి. మెయిన్ ఆఫ్ చేసినా, ఎండ ఉన్నంతసేపూ ప్యానెళ్ల దగ్గర డీసీ కరెంటు ఉంటూనే ఉంటుంది. డీసీలో మంట పుడితే ఏసీలోలా తేలిగ్గా ఆరదు. ఈ రెండు పనులకు విడిగా శిక్షణ తీసుకోండి, రాబోయే రోజుల్లో మంచి గిరాకీ ఉండేది వీటికే.

పర్మిట్ రాగానే ఒంటరిగా దిగిపోవద్దు. కనీసం ఆరు నెలలు లైసెన్సున్న కాంట్రాక్టర్ దగ్గర చేయండి. కూలి కాస్త తక్కువ రావొచ్చు, కానీ కొత్త పద్ధతులు చేతికి ఎక్కేది అక్కడే, మీ గురించి నలుగురికి తెలిసేదీ అక్కడే. అనుభవ పత్రాలు, పాత సర్టిఫికెట్లు, పదో తరగతి మెమో ఒకచోట పెట్టుకుని ఈ వారమే దగ్గరలోని ప్రభుత్వ ఐటీఐకి వెళ్లి అడగండి. ప్రవేశాలు సాధారణంగా పదో తరగతి ఫలితాల తర్వాత, వేసవిలో మొదలవుతాయి.