సదాచారమునకు సులభసాధనము

సంకల్పము గొప్పదై ఆచరణ కొద్దియగుట లోకసహజము. శివరాత్రినాడు నిత్యపూజకు పూనుకొన్నవాడు పక్షము గడవకమునుపే మానివేయును. భక్తి చాలలేదని ఇంటివారు నిందింతురు. పరిశీలించినచో పెక్కుమార్లు లోపము మనస్సులో గాక ఏర్పాటులో నుండును. విభూతి ఒకచోట, పత్రి మరియొకచోట, పీట అటకపై నున్నచో ఎంతటి శ్రద్ధయైనను సడలును.

12వ శతాబ్దమున కల్యాణమందు బసవేశ్వరుడు చూపిన మార్గమున ఈ సూక్ష్మము కలదు. ఇష్టలింగము భక్తుని దేహముపైననే యుండును. గుడికి నడువనక్కరలేదు; తలుపులు తెరచువరకు వేచియుండనక్కరలేదు. స్త్రీపురుషులకు భేదము లేదు. కాయకమునకు గౌరవము కల్పించుటచే పొలమును, మగ్గమును సాధనస్థలములైనవి.

దేవరుప్పులకు సమీపముననున్న పాలకుర్తితో పేరు ముడివడిన పాల్కురికి సోమనాథుడును ఈ త్రోవనే నడచెను. బసవపురాణమును జానుతెనుగున, పాడుటకు అనువైన ద్విపదలో రచించెను. గ్రంథగౌరవము తగ్గకయే చదువురానివారికిని భక్తులకథలు చెవికి, జ్ఞప్తికి అందినవి.

ఈ పాఠమును దేవరుప్పుల ప్రాంతపు రైతుకుటుంబము తనకు అన్వయించుకొనవచ్చును. పత్తి ఏరుదినములలో ప్రొద్దుటనే పొలమునకు పోవలసియుండును. అట్టి యింట పూజాద్రవ్యములను రాత్రియే ఒక పళ్ళెమున అమర్చి, పిల్లల చేతికందు గూటిలో నుంచవలెను. స్నానము ముగియుటయే పూజకు పిలుపు కావలెను. తీరికలేనినాడు కొద్దిసేపైనను చేయవలెనేగాని మానరాదు.

దాసోహమును అట్టిదే. బియ్యపుడబ్బా ప్రక్కన చిన్నకుండ నుంచి, ప్రతిదినము వంటకు బియ్యము కొలుచుటకు ముందు పిడికెడు అందు వేయవలెను. పిడికెడు 50 గ్రాములనుకొన్నను 30 దినములకు ఒకటిన్నర కిలో యగును. నెలాఖరున ఒక్కమారుగా ఈయవలసినచో బరువనిపించునది ఈ విధమున తెలియకయే సమకూరును.

దురలవాటునకు దీనికి విపరీతము చేయవలెను. పొగాకు ఇంట నిలువయుంచనివాడు దానికై అంగడికి నడువవలసినప్పుడు ఒక్కక్షణమైనను ఆలోచించును. ఆ క్షణమే వానికి రక్ష.

అయితే సౌలభ్యమే పరమార్థము కాదు. చేయి అలవాటుపడి మనస్సు వేరొకచోట తిరిగినచో పూజ తంతుగా మిగులును. సాధనము సులభమైనకొలది మిగిలిన శక్తిని ధ్యానమున నిలుపవలెను. పెద్దలును పిల్లలను "ఏల చేయలేదు?" అని గద్దించుటకు ముందు "చేయుటకు ఏది అడ్డమైనది?" అని అడిగి, ఆ అడ్డును తామే తొలగింపవలెను. ఇంటి ఆచారము పిల్లలకు అందునది అట్లే.