బ్రాయిలర్ దాణాలో అమైనో ఆమ్లాలు, విటమిన్ల సమతుల్యత

బ్రాయిలర్ కోళ్ల పెంపకంలో అత్యధిక వ్యయం దాణాపైనే జరుగుతుంది. ఆ దాణాలో మాంసకృత్తులను అందించే సోయా చెక్క ఖరీదైన ముడిసరుకు. పెంపకందారులు సాధారణంగా సంచిపై ముద్రించిన మాంసకృత్తుల శాతాన్ని బట్టి దాణా నాణ్యతను అంచనా వేస్తారు. పిల్లల ఎదుగుదల మందగించినప్పుడు సోయా చెక్క పాలు పెంచడం కూడా పరిపాటి. అయితే కోడి శరీరానికి ఉపయోగపడేవి మాంసకృత్తులు జీర్ణమైనప్పుడు వెలువడే అమైనో ఆమ్లాలు. ఈ భేదాన్ని గుర్తించనిచో ఖర్చు పెరుగుతుందే గాని లోపం తీరదు.

మాంసకృత్తుల శాతం తెలుపనిది

ప్రయోగశాలలో దాణాలోని నత్రజనిని కొలిచి, ఆ విలువను 6.25తో హెచ్చించి ముడి మాంసకృత్తుల శాతాన్ని నిర్ణయిస్తారు. ఆ నత్రజని ఏ అమైనో ఆమ్లం నుండి వచ్చిందో ఈ అంకె తెలుపదు. యూరియాతో కల్తీ చేసిన ముడిసరుకులో సైతం ఈ శాతం ఎక్కువగానే కనిపిస్తుంది.

కండర నిర్మాణానికి అమైనో ఆమ్లాలు నిర్దిష్ట నిష్పత్తిలో అవసరమవుతాయి. వాటిలో ఏ ఒక్కటి తక్కువైనా, మిగిలినవి సమృద్ధిగా ఉన్నప్పటికీ నిర్మాణం ఆ మేరకే పరిమితమవుతుంది. అట్టి దానిని పరిమిత అమైనో ఆమ్లం అంటారు. మొక్కజొన్న, సోయా చెక్కలతో తయారైన దాణాలో మొదటి పరిమిత అమైనో ఆమ్లం మిథియోనిన్. లైసిన్, థ్రియోనిన్ తరువాతి స్థానాల్లో ఉంటాయి. ఈకల నిర్మాణానికి సిస్టీన్ అధికంగా కావాలి. మిథియోనిన్ నుండి సిస్టీన్ తయారవుతుంది, కాని సిస్టీన్ నుండి మిథియోనిన్ తయారు కాదు. అందువలన ఈ రెండింటినీ కలిపి లెక్కించడం ఆనవాయితీ.

ఒక ఉదాహరణ

100 కిలోల దాణాలో మొక్కజొన్న 60 కిలోలు, 44 శాతం మాంసకృత్తులున్న సోయా చెక్క 35 కిలోలు, మిగిలిన 5 కిలోలు నూనె, ఖనిజ లవణాలు మొదలైనవి ఉన్నాయనుకుందాం. ఇందులో ముడి మాంసకృత్తులు సుమారు 20.5 శాతం. మొదటి మూడు వారాల పిల్లలకు అమెరికా జాతీయ పరిశోధన మండలి 1994లో ప్రచురించిన ప్రమాణం 23 శాతం. కనుక ఈ దాణా నాసిరకమైనదిగా తోచవచ్చు. అదే ప్రచురణలోని అవసరాలతో అమైనో ఆమ్లాలను పోల్చినప్పుడు ఫలితం ఇలా ఉంటుంది.

లైసిన్: దాణాలో 1.10 శాతం, అవసరం 1.10 శాతం.
థ్రియోనిన్: దాణాలో 0.78 శాతం, అవసరం 0.80 శాతం.
మిథియోనిన్, సిస్టీన్ కలిపి: దాణాలో 0.66 శాతం, అవసరం 0.90 శాతం.

ముఖ్యమైన లోటు మిథియోనిన్, సిస్టీన్‌లలోనే ఉంది. టన్నుకు సుమారు 2.4 కిలోల డి.ఎల్. మిథియోనిన్ కలిపితే అది తీరుతుంది. ఇదే లోటును సోయా చెక్కతో భర్తీ చేయాలంటే 100 కిలోల దాణాలో దాదాపు 26 కిలోల మొక్కజొన్నను తీసివేసి ఆ మేరకు సోయా చెక్కను చేర్చవలసి ఉంటుంది. అప్పుడు మాంసకృత్తులు 30 శాతానికి చేరుకుంటాయి, శక్తి విలువ తగ్గుతుంది.

ఇవి కనీస అవసరాలు మాత్రమే. వేగంగా ఎదిగే నేటి సంకర రకాలకు అమైనో ఆమ్లాల అవసరం ఇంకా ఎక్కువ. కాబట్టి ఆయా రకాల మార్గదర్శకాల ప్రకారం, జీర్ణమయ్యే అమైనో ఆమ్లాల ప్రాతిపదికపై లెక్క కట్టాలి. అట్లని మాంసకృత్తులను పరిమితి లేకుండా తగ్గించరాదు. అప్పుడు వాలిన్, ఆర్జినిన్, గ్లైసిన్ వంటివి కొరతపడతాయి. మిథియోనిన్‌ను మోతాదు మించి కలిపినా మేత తినడం తగ్గి ఎదుగుదల దెబ్బతింటుంది.

అధిక మాంసకృత్తుల వలన నష్టం

శరీరానికి అక్కరలేని అమైనో ఆమ్లాలు విచ్ఛిన్నమై, వాటి నత్రజని యూరిక్ ఆమ్లంగా రెట్టలో విసర్జింపబడుతుంది. ఈ ప్రక్రియలో శరీరంలో వేడి జనిస్తుంది, నీటి వినియోగం పెరుగుతుంది. లిట్టరు తడిసి, సూక్ష్మజీవుల చర్య వలన అమ్మోనియా వెలువడుతుంది. ఫలితంగా కళ్ల మంట, శ్వాస ఇబ్బందులు, పాదాలపై పుండ్లు ఏర్పడతాయి. ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటే తెలుగు రాష్ట్రాల వేసవిలో ఈ అదనపు వేడి కోళ్లకు ప్రాణాంతకం కావచ్చు.

విటమిన్ల పాత్ర

అమైనో ఆమ్లాల వినియోగానికి విటమిన్లు తోడ్పడతాయి. వాటి జీవక్రియలో బి6 అవసరం. బి2 లోపించిన పిల్లల కాలివేళ్లు లోపలికి ముడుచుకుంటాయి. బి1 లోపిస్తే తల వెనుకకు వాలిపోతుంది. విటమిన్ ఇ లోపం వలన మెదడు దెబ్బతిని నడక తడబడుతుంది. డి3 లోపిస్తే ఎముకలు మెత్తబడి కుంటుతనం వస్తుంది.

దాణాలో విటమిన్లు కలిపినప్పటికీ ఈ లక్షణాలు కనిపించవచ్చు. అందుకు నిల్వ లోపం ఒక ముఖ్య కారణం. వేడి, తేమ, వెలుతురు విటమిన్లను నశింపజేస్తాయి. కోలిన్ క్లోరైడ్ తేమను పీల్చుకొని ప్రీమిక్స్‌లోని ఇతర విటమిన్లను పాడు చేస్తుంది. రాగి, ఇనుము లవణాలు ఆక్సీకరణను వేగవంతం చేస్తాయి. కనుక వీటిని విటమిన్ ప్రీమిక్స్‌తో కలిపి నిల్వ చేయరాదు. రక్తపారుడు నివారణకు వాడే ఆంప్రోలియం బి1కు విరోధి కాబట్టి దానిని మోతాదు మించి వాడరాదు.

పాటించవలసిన మెలకువలు

స్వల్ప పరిమాణంలో వాడే అమైనో ఆమ్లాలను, విటమిన్లను ముందుగా కొద్దిపాటి మొక్కజొన్న పిండిలో కలిపి, తరువాత మొత్తం దాణాలో సమంగా కలపాలి. ప్రీమిక్స్‌ను చల్లని, పొడి ప్రదేశంలో మూత బిగించి ఉంచి, గడువులోగా వాడాలి. సోయా చెక్కను యూరియేజ్ పరీక్షకు పంపాలి. తక్కువగా వేడి చేసిన చెక్కలో ట్రిప్సిన్ నిరోధకాలు మిగిలిపోతాయి. అతిగా వేడి చేస్తే లైసిన్ లభ్యత తగ్గుతుంది, కాని దీనిని యూరియేజ్ పరీక్ష పట్టించదు.

ఎదుగుదల తగ్గిందని పెంపకందారుడు చెప్పినప్పుడు విస్తరణ శాస్త్రవేత్త సోయా చెక్క పెంచమని వెంటనే సూచించరాదు. నీరు, ఉష్ణోగ్రత, వ్యాధులను పరిశీలించిన పిమ్మట దాణా సూత్రాన్ని తీసుకొని అమైనో ఆమ్లాల లెక్క కట్టాలి, ప్రీమిక్స్ నిల్వ తీరును చూడాలి. పై ఉదాహరణలోని పెంపకందారుడు టన్నుకు 260 కిలోల సోయా చెక్క అదనంగా కొనాలా, 2.4 కిలోల మిథియోనిన్ కలిపితే సరిపోతుందా అన్నది ఆ లెక్కతోనే తేలుతుంది.